దొర పుస్తకం వ్రాశాడు, మనమేమి దాచుకున్నాము?



మీ సంచిలో యాభై రింగిట్ల నోటు ఉంటే ఒకసారి బయటికి తీయండి. ఒకవైపు మన దేశపు తొలి రాజుగారి ముఖచిత్రం కనబడుతుంది. రెండవవైపు తొలి ప్రధానమంత్రి తుంకు అబ్దుల్ రహమాన్, ఆయన ప్రక్కన పామాయిల్ చెట్లు. ఆ నోటును మీ పిల్లల చేతికిచ్చి ఒక ప్రశ్న అడగండి: "ఈ చెట్టును ఈ దేశంలో వ్యాపారపు తోటగా మొదట ఎక్కడ వేశారు?" మా సాయంకాలపు తెలుగు తరగతిలో నేను అడిగాను. పిల్లలలో ఒక్కరికీ తెలియలేదు. వారిని ఇంటికి తీసుకొనిపోవడానికి వచ్చిన తల్లిదండ్రులకూ తెలియలేదు.

జవాబు దూరాన లేదు. మన బటాంగ్ బెర్జుంటై చేరువలోని తెన్నమరం తోటలో, 1917లో. ఈ చెట్టు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనానికి నాలుగు మొక్కలు చేరాయి. వాటి సంతతి సుమత్రాలోని దెలి ప్రాంతంలో వ్యాపించినది. ఆన్రి ఫోకోన్యే అనే ఫ్రెంచి దొర 1905లో మలయాకు వచ్చి సెలంగోర్ నది ఒడ్డున రంటావ్ పంజాంగ్‌లో స్థిరపడ్డాడు. దెలి నుండి గింజలు తెప్పించి మొదట అందం కోసం నాటించాడు. తరువాత తెన్నమరంలో, కాఫీ పంట దెబ్బతిన్న నేలలో, వ్యాపారం కోసం నాటించాడు. ఆ పరిశ్రమకు 2017లో నూరేళ్లు నిండాయని దేశమంతా చెప్పుకొన్నది. దొర పేరు నిలిచినది. మలయా జీవితం మీద అతడు వ్రాసిన నవలకు 1930లో ఫ్రాన్సు దేశపు గొంకూర్ బహుమతి వచ్చినది.

నేను 'నాటించాడు' అన్నాను, 'నాటాడు' అనలేదు. తెలుగు నేర్చుకొంటున్న పిల్లలు ఈ రెండు క్రియలకు గల భేదాన్ని గమనించాలి. 'నాటాడు' అంటే తన చేతితో. 'నాటించాడు' అంటే మరొకరి చేత. మన భాషలో ఒక్క చిన్న అక్షరం ఆ మరొకరు ఉన్నారని చెప్పివేస్తుంది. ఎవరో మాత్రం చెప్పదు. అడవి నరికినవారు, గుంతలు త్రవ్వినవారు, నారుమొక్కలు మోసినవారు, జ్వరంతో పడిపోయినవారు ఎవరు? సెలంగోర్ తోటలలో తమిళులు, తెలుగులు, మలయాళీలు, జావా నుండి వచ్చినవారు పనిచేశారు. దేశచరిత్ర గ్రంథాలు నాటించినవారి చరిత్రను చక్కగానే వ్రాశాయి. నాటినవారి చరిత్రకు ఒక చోటు కావాలి. ఆ చోటును నేను ఊరి మ్యూజియం అంటాను. అది మనకు అలంకారం కాదని, అవసరమని వాదించడానికే ఈ వ్యాసం.

గత నెల మన ఆలయ కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చినది. వంటశాల వెనుకనున్న పాత సామానుల గదిని కూలగొట్టి భోజనశాలను పెంచాలని, గదిలోని పాత ఇనుమును, పాత చెక్కను తూకానికి అమ్మివేయాలని ఆ ప్రతిపాదన. నేను లేచి, ఆ గదిని మన ఊరి తోటల చరిత్రకు మ్యూజియంగా ఉంచుదామని కోరాను. కొందరు మర్యాదగా విన్నారు. కొందరు నవ్వారు. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడినది. నవ్వినవారు నాకు ఆత్మీయులే. అందుచేత వారికి నిర్మొహమాటంగానే జవాబు చెబుతాను.

ఆ గదిలో ఏమున్నదో ముందు తెలియాలి. రైలు పట్టా ముక్క ఒకటి ఉన్నది. తెల్లవారకముందే తోటలో పెరట్టుకు, అనగా కూలీల హాజరు పిలుపుకు, దీనినే ఇనుప కడ్డీతో మ్రోగించేవారు. రబ్బరు చెట్టుకు గాటుపెట్టే కత్తులు నాలుగు. పాలు పట్టే గిన్నెలు ఒక గంపెడు. రెండు పాల బకెట్లు, వాటిని మోసే కావడిబద్ద. బద్ద నడుమ భాగం భుజాల రాపిడికి అద్దంలా నున్నబడినది. తోటలోని భజన మందిరం నుండి వచ్చిన తాళాలు, గాలి పోయిన హార్మోనియం. కిరాణి, అనగా తోట గుమాస్తా, కూర్చొని జీతాలు లెక్కకట్టిన బల్ల. అట్ట ఊడిన పెద్దబాలశిక్ష. తోటలు చేతులు మారి లైను ఇళ్లు ఖాళీ అయినపుడు మనవారు వీటిని దేవుని దగ్గర పెట్టిపోయారు. కొత్త ఇంటిలో వీటికి చోటు లేదు. పారవేయడానికి చేతులు రాలేదు. ఇవి పాత సామానులు కావు. దొర పుస్తకం వ్రాశాడు. మన ముత్తాతలలో చాలామందికి వ్రాయడం రాదు. వారి చేతి వస్తువులే వారి వ్రాత. ఆ వ్రాతను తూకానికి అమ్మవద్దని మాత్రమే నా మనవి.

ఇక అభ్యంతరాలు. మొదటిది సభలో ఎవరూ పైకి అనలేదు. సభ ముగిసిన తరువాత ఒక పెద్దమనిషి నన్ను ప్రక్కకు పిలిచి అన్నారు: "మాస్టారూ, మా అబ్బాయి ఇంజినీరు. వాడి స్నేహితులు గుడికి వస్తూ ఉంటారు. పాల బకెట్టు చూపించి, మేము కూలీల సంతతి అని చాటుకోవాలా?"

ఆయనను నేను నిందించను, ఎందుకంటే నేనూ ఆ దారిలో నడిచినవాడినే. ఈ వారసత్వ శీర్షికలో నేను రుద్రమదేవిని గురించి వ్రాశాను. శ్రీకృష్ణదేవరాయలను గురించి రెండుసార్లు వ్రాశాను. మా ముత్తాతను గురించి ఒక్కసారి కూడా వ్రాయలేదు. ఓరుగల్లు కోట మనదని చెప్పుకోవడానికి ఖర్చు లేదు, కష్టం లేదు. ఆ కోటకూ మా ఇంటికీ సంబంధమేమిటని ఎవరూ అడగరు. ఆ రాజుల కీర్తి మన పిల్లలకు తెలియవలసినదే. కాని ఆ రాజుల నుండి నేరుగా నేటి ఇంజినీరుకు గంతు వేస్తే నడుమ నాలుగు తరాలు మాయమవుతాయి. మనలను ఈ దేశానికి తెచ్చినవారు ఆ నాలుగు తరాలవారే, రాయలవారు కారు.

సిగ్గుపడవలసినది ఎవరు? ఒప్పందపు కూలీ పద్ధతి మలయాలో 1910లో రద్దయినది. అంతవరకు ఒప్పందంలో ఉన్న కూలీ పని వదలిపోతే అది ఉద్యోగం మానడం కాదు, శిక్ష పడే నేరం. కంగాణీ పద్ధతి ఆ తరువాత కూడా సాగినది. తోటలోని మేస్త్రీ సొంత ఊరికి వెళ్లి తన వారినే వెంటబెట్టుకొని వచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిషేధించేవరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. ఇటువంటి పద్ధతిని ఏర్పరచినవారు సిగ్గుపడాలి. దానిలో బ్రతికి, రోజు కూలిలో నుండి భజన మందిరానికి చందా ఇచ్చి, పిల్లలకు అక్షరాలు చెప్పించినవారి మనుమలకు సిగ్గెందుకు?

మనము చెప్పుకోకపోతే ఇతరులు మన పేరును తమకు తోచినట్లు వ్రాస్తారు. 1907లో తోటల యజమానుల మీద పన్ను వేసి కూలీల రవాణాకు ప్రభుత్వం ఒక నిధిని ఏర్పరచినది. దానికి తమిళ వలస నిధి అని పేరు పెట్టారు. ఆ ఓడలలో తెలుగువారూ ఉన్నారు, పేరులో లేరు. ఈ దేశంలో దక్షిణ భారతీయులను ఒకప్పుడు 'క్లింగ్' అని పిలిచేవారు. నేడు అది తిట్టు. ఆ మాట కళింగ దేశం పేరు నుండి వచ్చినదని పండితులు చెబుతారు. మా పూర్వులు బయలుదేరిన శ్రీకాకుళం ప్రాంతం ఆ కళింగంలోనిదే. ఒక పేరు ఎట్లా పుట్టినది, ఎట్లా తిట్టుగా మారినది, ఈ కథను బడిలో విరోధిగా వినడం కంటె సొంత గూటిలో వివరంగా తెలుసుకోవడం పిల్లవాడికి మేలు కాదా?

రెండవ అభ్యంతరం: "పెద్ద మ్యూజియంలు ఉన్నాయి కదా, మనకెందుకు?" ఉన్నాయి. కౌలాలంపూర్‌లో 1963లో తెరచిన జాతీయ మ్యూజియం ఉన్నది. మన జిల్లాకేంద్రమైన కువాలా సెలంగోర్‌లో, బుకిట్ మెలావతి కొండమీద, జిల్లా చరిత్ర మ్యూజియం ఉన్నది. పిల్లలను తప్పక తీసుకొనివెళ్లండి. 1784లో డచ్చివారు ఆ కొండమీది కోటను పట్టుకొన్నారు; మరుసటి ఏడే సుల్తాన్ ఇబ్రాహీం తిరిగి గెలిచాడు. ఫిరంగుల నడుమ నిలబడి ఆ కథ వింటే పిల్లలు మరచిపోరు. కాని అది నదీముఖంలోని కథ. మనము నదికి ఎగువన ఉన్నాము. ప్రతి కథనూ ఒకే కొండ మోయలేదు. మోయవలెనని కోరడం న్యాయమూ కాదు.

పెద్ద మ్యూజియంలో కథ పెద్దదవుతుంది, మనిషి చిన్నవాడవుతాడు. ఎక్కడో పేరు చెప్పను. ఒక మ్యూజియంలో నేను అద్దాల వెనుక ఒక బొమ్మను చూశాను. తలకు గుడ్డ కట్టుకొని, చేత కత్తి పట్టుకొని, రబ్బరు చెట్టు ముందు వంగి ఉన్నది. క్రింద 'భారతీయ కూలీ' అని రెండు మాటలు. పేరు లేదు, ఊరు లేదు, భాష లేదు. ప్రక్కన నిలిచిన మా మనుమరాలు, "తాతయ్యా, ఈమె ఎవరు?" అని అడిగినది. "మా అమ్మ" అన్నాను. నిజమే. మా అమ్మ ఇరవై ఆరేళ్లు ఆ పని చేసినది. కాని ఆ పలక మీద ఆమె లేదు.

మన ఊరి సంగతే చూడండి. చుట్టూ కనబడే పెద్ద చెరువులు దేవుడు త్రవ్వినవి కావు. తగరపు తవ్వకాల గుంతలు. నీటిలో తేలుతూ నేలను త్రవ్వే భారీ యంత్రాలు దశాబ్దాల పాటు ఇక్కడ పనిచేశాయి. 1985లో ప్రపంచ తగరపు ధర కుప్పకూలిన తరువాత ఆ కాలం ముగిసినది. పేరాక్ రాష్ట్రంలో తంజుంగ్ తువాలాంగ్ వద్ద 1938లో కట్టిన అటువంటి యంత్రాన్ని ఒకదానిని నిలబెట్టి, లోపలికి వెళ్లి చూడడానికి ఏర్పాటు చేశారు. మనకు చెరువులు మిగిలాయి. ఆ నీటి ప్రక్కన బ్రతికినవారి మాట మిగలలేదు. 2007లో ఊరి పేరు కూడా బెస్తారి జయ అని మారినది. బటాంగ్ అంటే మ్రాను, బెర్జుంటై అంటే వ్రేలాడుచున్నది. నది మీదికి వంగిన మ్రాను చూసి ఆ పేరు పెట్టారని మా పెద్దలు చెప్పేవారు. పేరు మార్చడం మంచిదా చెడ్డదా అనే వాదం నాకు వద్దు. ఒక ఊరి తోటలు, గనులు, పేరు, మూడూ ఒక్క మనిషి జీవితకాలంలో మారిపోతే, ఆ మార్పును గుర్తుపెట్టుకొనే చోటు ఆ ఊరిలో ఒకటైనా ఉండాలి.

మూడవ అభ్యంతరం అందరికన్న నిజాయితీ గలది: "మాస్టారూ, శ్రీరామనవమికి జనం ఎండలో నిలబడి భోజనం చేస్తున్నారు. వారికి నీడ కావాలా, మీ ఇనుముకు నీడ కావాలా?" భోజనశాలను నేను వ్యతిరేకించడం లేదు. వడ్డనలో నేనూ నిలబడతాను. గది కూలిపోవలసిందే అయితే కూలిపోనీయండి. విస్తరించిన భోజనశాలలో ఒక గోడను, నాలుగు అద్దాల బీరువాలను ఇవ్వండి. తినడానికి వచ్చినవారే చూస్తారు. మ్యూజియం అంటే పాలరాతి మెట్లు, టికెట్టు గది అని ఎవరన్నారు? మనము అడుగుతున్నది ఒక గోడ. దానికి కూడా చోటు లేదంటే, లేనిది చోటు కాదు.

ఇక్కడ నాగార్జునకొండను గుర్తు చేస్తాను. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడినపుడు, ఇక్ష్వాకుల రాజధాని ఉండిన లోయ అంతా నీటి పాలవుతుందని తెలుసు. ఆనకట్ట ఆగలేదు. రైతులకు నీరు కావాలి. కాని నీరు రాకముందే పురావస్తు శాఖవారు లోయను ఏళ్ల తరబడి త్రవ్వి, కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండమీద తిరిగి నిలబెట్టారు. నేడు ఆ కొండ ఒక ద్వీపం. దానిమీద మ్యూజియం ఉన్నది. అభివృద్ధి కావాలి, జ్ఞాపకమూ కావాలి అనుకొన్నవారు చేసిన పని అది. మన తోటలు కూడా మునిగిపోయాయి, నీటిలో కాకపోయినా ఇళ్ల స్థలాలలో, రహదారులలో. ఈ పరిసరాలలోని ఐదు తోటల కుటుంబాలు సొంత ఇంటి కోసం ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూచిన సంగతి మీకు తెలుసు. మన లోయ నుండి రాళ్లు ఎవరు మోశారు? ఒక గదిలో సరిపోయేటన్ని మాత్రమే పైకి వచ్చాయి. వాటినీ అమ్ముదామా?

నాలుగవ అభ్యంతరం యువకులది: "ఫోటోలు తీసి ఫోనులో పెట్టుకొందాము, అందరికీ పంపుదాము. వస్తువులెందుకు?" ఫోటోలు తప్పక తీయండి. కాని నా తరగతిలో జరిగినది వినండి. మూడేళ్లుగా ఆ పిల్లలకు 'నాది, నీది, ఎవరిది' అనే మాటలు నేర్పుతున్నాను. పుస్తకంలోని బొమ్మను చూపి అడిగితే చిలుకల్లా అప్పచెబుతారు. ఒకరోజు ఆ కావడిబద్దను తీసుకొనిపోయి బల్లమీద పెట్టాను. పదేళ్ల బాలుడు ఒకడు, తెలుగులో తనంతట తాను ఎన్నడూ నోరు విప్పనివాడు, దానిని ఎత్తి భుజాన పెట్టుకొని, "చిక్‌గు, ఇది ఎవరిది?" అన్నాడు. రెండు బకెట్లకూ నీరు నింపి మోయమన్నాను. ఆరడుగులు వేసి దించాడు. "రోజుకు ఎన్నిసార్లు మోసేవారు?" అన్నాడు. ఈ రెండు వాక్యాలూ నేను నేర్పినవి కావు. ఫోటోకు బరువు ఉండదు. భాష నిలవాలంటే పిల్లవాడికి ఆ భాషలో అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండాలి. తెలుగు బడులు తోటలలో ఒకటొకటిగా మూతపడిన ఈ దేశంలో, వారానికి రెండు గంటల సాయంకాలపు తరగతికి ఆ గది చేసే సహాయం ఏ పాఠ్యపుస్తకమూ చేయలేదు.

అయితే నేను కోరేది పొగడ్తల మ్యూజియం కాదు. పట్టుచీరెలు కట్టిన బొమ్మలు, ముగ్గులు, ఆవకాయ జాడీ పెట్టి ఇదే మన వారసత్వమంటే నేనే మొదట వ్యతిరేకిస్తాను. నిజం చెప్పలేని మ్యూజియం కంటె భోజనశాల మేలు. కంగాణీ మనవాడే. తీసుకువచ్చిన మనిషికింత అని, పనికి హాజరైన తలకింత అని డబ్బు తీసుకొన్నవాడు మన భాషే మాట్లాడాడు. అప్పుల లెక్క మన అంకెలలోనే వ్రాశాడు. తోటలోని కల్లు దుకాణం ఎన్ని జీతాలు మ్రింగినదో మన అమ్మమ్మలకు తెలుసు. లైను ఇళ్లలో ఏ కులంవారికి ఏ కొసన ఇల్లు ఇచ్చేవారో, భజనలో ఎవరు లోపల కూర్చొనేవారో, ఎవరు మెట్ల దగ్గర నిలబడేవారో అది కూడా ఆ గోడమీద ఉండాలి. మా తాత మెట్ల దగ్గర నిలబడినవాడు. ఈ మాట ఈ పత్రికలో వ్రాయడం నాకు ఇదే మొదటిసారి.

మనము ఒంటరిగా బ్రతకలేదని కూడా అక్కడ తెలియాలి. ప్రక్క లైనులోని తమిళ కుటుంబాలు, గనులలోని చీనావారు, నది ఒడ్డు పల్లెలలోని మలాయివారు, జావా నుండి వచ్చినవారు మన కథలో ఉన్నారు. పలకలు తెలుగులో, తమిళంలో, మలాయిలో, ఆంగ్లంలో ఉండాలి. ప్రక్కింటి మక్‌చిక్ వచ్చి చదివి, "మా ఇంట్లోనూ ఇటువంటి గిన్నె ఉన్నది" అని తెచ్చి ఇస్తే, ఆ రోజు అది గుడి మ్యూజియం నుండి ఊరి మ్యూజియం అవుతుంది.

ఎక్కడైనా ఇది జరిగినదా అని అడుగుతారు. మారిషస్‌లో జరిగినది. 1834 నుండి ఒప్పందపు కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని పాత రాతిమెట్లను, కట్టడాలను కాపాడి ఆప్రవాసీ ఘాట్ అన్నారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. అక్కడి కూలీల నమోదు పుస్తకాలను మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచినది. తెలుగువారి సంతతితో సహా ఎందరో వచ్చి తమ పూర్వుల పేరు, ఊరు వెదకుకొంటారు. రాతిమెట్లను చూసి సిగ్గుపడనివారు పాల బకెట్టును చూసి ఎందుకు సిగ్గుపడాలి?

మరచిపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉన్నది. జపానువారి పాలనలో మన తోటల నుండి వేలమందిని సయాం-బర్మా రైలు మార్గం పనికి తరలించారు. 415 కిలోమీటర్ల ఆ దారి 1943లో పూర్తయినది. నేడు థాయిలాండులోని కాంచనబురిలో యుద్ధఖైదీల శ్మశానవాటిక ఉన్నది. సుమారు 7000 సమాధులు, వరుసలు తీరిన పలకలు, పలకల మీద పేర్లు. అదే దారిలో రాలిపోయిన తోటకూలీలకు అటువంటి వరుసలు లేవు. మా తాత తమ్ముడు ఆ దారికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన పేరు వ్రాసి ఉన్న చోటు ప్రపంచంలో ఒక్కటీ లేదు. ఒక్కటి ఉండేది.

ఆ ఒక్కటి నా చేతుల మీదుగానే పోయినది. నేను ఇంత పట్టుపట్టడానికి కారణం అదే. మా తోట భజన మందిరానికి ఒక చందా పుస్తకం ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట. ప్రతి ఇంటి యజమాని పేరు, స్వదేశంలో అతని ఊరు, ఇంట్లో ఎందరు, నెలకు ఎంత చందా, అన్నీ తెలుగులో వ్రాసి ఉండేవి. తోట మూతపడినపుడు పెద్దలు దానిని నా చేతికిచ్చారు, చదువుకొన్నవాడినని. నేను మలాయిలోనూ ఆంగ్లంలోనూ చదువుకొన్నవాడిని. అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు. పాత లెక్కలనుకొన్నాను. ఇల్లు మారేటపుడు పాత కాగితాలతో పాటు కాగితాలు కొనేవాడికి వేశాను. ఎంత వచ్చినదో కూడా గుర్తు లేదు.

తరువాత ఎన్నో ఏళ్లకు, సాయంకాలపు తరగతిలో నడివయసువాడిని పిల్లల ప్రక్కన కూర్చొని 'అ ఆ'లు దిద్దుతూ ఉండగా, పెద్దబాలశిక్షలోని ఆ ముద్ర అక్షరాలను గుర్తుపట్టిన రోజున, ఆ ఎర్ర అట్ట పుస్తకం కళ్లముందుకు వచ్చినది. మా ముత్తాత నాటి గంజాం జిల్లాలోని చికాకోల్ ప్రాంతం నుండి వచ్చాడని మాత్రమే మా ఇంట చెప్పుకొంటారు. ఏ పల్లెయో ఎవరికీ తెలియదు. ఆ పుస్తకంలో ఉండినది. మా తాత తమ్ముడి పేరు ప్రక్కన కూడా ఏదో వ్రాసి ఉండేదని మా అమ్మ అనేది. ఒక పెద్ద మ్యూజియం వచ్చి ఆ పుస్తకాన్ని నా వద్ద నుండి అడిగేది కాదు. అది ఉన్నదని వారికి తెలియదు. ఊరిలో ఒక గది, గదికి ఒక బాధ్యుడు, "పాత కాగితాలు పారవేయకముందు ఇక్కడ చూపించండి" అనే ఒక్క పలక ఉంటే చాలు. నేను అక్కడ పెట్టి ఉండేవాడిని. ఊరి మ్యూజియం చేసే పని ఇదే. విలువ తెలియనివాడి చేతిలో నుండి వస్తువును తీసుకొని, విలువ తెలుసుకొనే కాలం వచ్చేవరకు దాచి ఉంచుతుంది. ఆ కాలం ఒక్కొక్కసారి ఒక తరం పడుతుంది.

కనుక కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. వచ్చే సమావేశం వరకు ఆ గదిలో నుండి ఒక్క మేకు కూడా బయటికి పోరాదు. భోజనశాల నమూనాలో ఒక గోడ మ్యూజియంకని గీత గీయాలి. వస్తువుల జాబితా వ్రాసే పనిని సాయంకాలపు తరగతి పిల్లలకు అప్పగించాలి: వస్తువు పేరు, ఎవరిది, ఏ తోట, ఎవరు ఇచ్చారు. తప్పులు వ్రాస్తారు. నేను దిద్దుతాను.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట అటక మీద, మంచం క్రింద, పాత పెట్టెలలో ఒకసారి వెదకండి. తెలుగు అక్షరాలున్న కాగితం ఏదైనా సరే, చదవడం రాకపోతే మరీ ముఖ్యంగా, పారవేయకండి. మంగళవారం, గురువారం సాయంకాలం ఏడు గంటలకు నేను గుడి వెనుక తరగతి గదిలో ఉంటాను. తీసుకొనిరండి. కలిసి చదువుదాము. కాగితం మీ ఇంటికే తిరిగి వస్తుంది. నకలు మాత్రం ఊరికి మిగులుతుంది.